ఎండాకాలం పోచంపాడ్ (శ్రీరాంసాగర్) డ్యాం కింద గోదావరికి నీళ్లు వదలాలా?

ధర్మపురి రేవు:
మార్చి వచ్చేసరికి పోచంపాడ్ నుంచి దిగువన ఎల్లంపల్లి బ్యారేజీ దాకా నది తెగిపోయి మడుగులే మిగులుతున్నయి. నిరంతరం 300 క్యూసెక్కులు వదలాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులకు 3.1 టీఎంసీలు. వేసవి సగటు ప్రవాహంలో 15–20 శాతం నదిలో ఉండాలని హరిత ట్రిబ్యునల్ 2017లోనే చెప్పింది.

కాకతీయ ఆయకట్టు:
అన్నా, టీఎంసీకి పదివేల ఎకరాల లెక్కన అది 30 వేల ఎకరాల యాసంగి. 112 టీఎంసీలకు కట్టిన ప్రాజెక్టు పూడికతో 80కి దిగింది. వరంగల్ వైపు చివరి తూములకే నీళ్లు అందుతలేవు. మీరు వదిలింది కొంత ఇసుక తాగుతది, కొంత ఒడ్డు మోటార్లు లాగుతయి.

ప్రవాహ లెక్కలు:
ఇసుక మాట నిజమే. అందుకే నది తెగకముందే, జనవరిలోనే మొదలుపెట్టాలి. తడిగా ఉన్న ఇసుక తక్కువ తాగుతుంది. ఇంత చిన్న ప్రవాహానికి పెద్ద గేట్లు పనికిరావు. కొద్దిగా ఎత్తితే గేటు అదురుతుంది. కాకతీయ కాలువ ఎస్కేప్ (కాలువ నీళ్లను నదిలోకి మళ్లించే గేట్లు) నుంచి వదలాలి. కొలత ధర్మపురి దగ్గర తీయాలి, డ్యాం దగ్గర కాదు. మోటార్లు లాగింది అప్పుడే బయటపడుతుంది. ఆపేటప్పుడు రోజుకు 50 క్యూసెక్కుల చొప్పున తగ్గించాలి. ఒక్కసారిగా మూస్తే చేపలు లోతులేని గుంటల్లో చిక్కుతాయి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చస్తాయి.

కాళేశ్వరం గట్టు:
నా దృష్టిలో వేసవి ధార కన్నా జులై వరద ముఖ్యం. బొచ్చె, రవ్వ చేపలు నీటిమట్టం పెరిగేటప్పుడే గుడ్లు పెడతాయి. తొలి వరదను డ్యాం మొత్తం మింగేస్తే ఆ ఏడాది చేపపిల్ల లేనట్టే. 3,000 క్యూసెక్కులు నాలుగు రోజులు వదిలితే ఒక టీఎంసీ. కాళేశ్వరం కింద ప్రాణహిత వరద కలుస్తుంది కాబట్టి అక్కడ బాధ తక్కువ, నష్టమంతా పైభాగానికే.

కాకతీయ ఆయకట్టు:
వదిలినంక వానలు ముఖం చాటేస్తే?

ప్రవాహ లెక్కలు:
అందుకే నిల్వలోంచి కాకుండా, వచ్చే ఇన్‌ఫ్లోలో వాటాగా రాయాలి. గంగకు 2018లో అట్లనే రాశారు: ఎగువ భాగంలో జూన్–సెప్టెంబర్‌కు 30 శాతం, నవంబర్–మార్చికి 20. గోదావరికి ఆ నోటిఫికేషన్ వర్తించదు, అంత శాతమూ నేను అడగను, 10తో మొదలుపెట్టొచ్చు. తేదీ, పరిమాణం రాసిపెడితే అమలవుతుందనడానికి ఎగువన మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీపై సుప్రీంకోర్టు తీర్పు ఉంది: ఏటా మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి.

కాకతీయ ఆయకట్టు:
ఇన్‌ఫ్లోలో వాటా అంటే జులై వరదకు ఒప్పుకుంటా. వేసవి 300కు మాత్రం ముందు ఒడ్డు మోటార్ల కరెంటు వేళలు తేల్చండి.