చలికాలం పాతర గడ్డికి చలిని తట్టుకునే తోడు కావాలా?

తెనాలి పాడి:
పాతర గడ్డి (గాలి తగలకుండా పులియబెట్టే పచ్చిమేత, సైలేజ్) కోసం డిసెంబరులో సూపర్ నేపియర్ మేతగడ్డి కోసి, చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి, సంచుల్లో తొక్కి పెట్టాను. 45 రోజులకు మూతి విప్పితే కమ్మని పులుపు వాసనకు బదులు పాడైన వెన్న కంపు. గేదెలు మూతి పెట్టలేదు. చలికి పులియలేదని, చలిని తట్టుకునే కల్చర్ పొడి (పులియబెట్టే బాక్టీరియా ఉన్న పొడి) కలపాలని ఒకరన్నారు. ఎవరైనా వాడారా అండి?

చేబ్రోలు రైతు:
చలికి పాలు తోడుకోకపోతే గిన్నెను బియ్యం డబ్బాలో పెడతాం కదా, గడ్డికీ అంతేనని నేనూ అనుకునేవాణ్ణి. కానీ రెండేళ్లుగా జనవరిలోనే మొక్కజొన్న పాతర వేస్తున్నాను. ఏ పొడీ కలపలేదు, బాగానే మాగింది.

సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థిని, గుంటూరు:
పాతరల్లో ఎక్కువగా వాడే బాక్టీరియా అయిన లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌కు 30 డిగ్రీల వేడి అనువు. 10 డిగ్రీల దిగువన బాగా మందగిస్తుంది. అందుకే టిబెట్ పీఠభూమి వంటి చోట్ల, అక్కడి గడ్డి మీద సహజంగా బతికే రకాలనే ఏరి 5, 10, 15 డిగ్రీలలో పెంచి చూస్తారు. పెరిగితే చాలదు. ఆ చలిలోనూ త్వరగా ఆమ్లం తయారుచేసి, పులుపు పెరిగే కొద్దీ తగ్గే కొలత అయిన పీహెచ్‌ను 4.2 దాకా దించాలి, గడ్డిలోని కొద్దిపాటి చక్కెరను వృథా చేయకూడదు. చివరికి ఆ గడ్డిలోనే కలిపి పాతర వేసి చూడాలి, ఎందుకంటే గాజు గొట్టంలో బాగా పెరిగినది పాతరలో నిలవకపోవచ్చు. మన దగ్గర రాత్రి వేడి 15 డిగ్రీల కిందికి దిగడమే అరుదు. లంబసింగిలో పాడి ఉంటే ఇది అడగవలసిన ప్రశ్నే.

ఉయ్యూరు గేదెలు:
వెన్న కంపు వచ్చిందంటే నీరు ఎక్కువైనట్టే. తడిలో పెరిగే చెడు బాక్టీరియా పని అది. ముక్కలను పిడికిలిలో గట్టిగా నొక్కి చూడండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే ఇంకా ఆరాలి. వదిలాక ముద్ద నెమ్మదిగా విచ్చుకుంటే సరైన పదును. లేత నేపియర్‌లో నీరు ఎక్కువ, తీపి తక్కువ. ఒక పూట ఎండనిచ్చి, టన్నుకు 10 నుంచి 20 కిలోల బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి చల్లండి. పొడి కలిపితే మాత్రం క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు వద్దు, ఆ బాక్టీరియా చచ్చిపోతుంది.

తెనాలి పాడి:
మంచు ఆరకముందే కోశామండి. సంచి అడుగున చెంబెడు నల్లటి నీరు ఉంది, ఇందాక రాయడం మరిచాను. మిగిలిన సంచులు పెట్టవచ్చా?

ఉయ్యూరు గేదెలు:
ఒక్కొక్కటీ విప్పి వాసన చూడండి. కంపు కొట్టినది ఎరువు గుంతలో వేయండి. చూడి గేదెల దగ్గరకు అసలు రానివ్వకండి.