ఎన్‌ఓసీ లేక ఆగిపోయిన మిడ్‌ఫీల్డర్ అంతర్జాతీయ బదిలీ: ఏం చేయాలి?

మిర్యాలగూడకు చెందిన మా తమ్ముడు ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్, వయసు 20. పోర్చుగల్‌లోని ఒక దిగువ డివిజన్ క్లబ్బు అతన్ని తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. ఇక్కడి క్లబ్బుతో ఒప్పందం మే 31న ముగిసినా, శిక్షణ పరిహారం, అంటే ఆటగాణ్ణి తీర్చిదిద్దినందుకు కొత్త క్లబ్బు ఇవ్వవలసిన సొమ్ము, తేలేదాకా ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇవ్వబోమని ఆ క్లబ్బువారు ఫోనులో చెప్పారు. ఈమెయిళ్లకూ, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన లేఖకూ జవాబు లేదు. ఫిఫా నిబంధనల ప్రకారం అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రాన్ని, అంటే ఐటీసీని, కొత్త దేశపు సమాఖ్యే అడగాలని, 2024 దాకా ఉన్న నిబంధన ప్రకారం కూడా ఒప్పందం ఇంకా అమలులో ఉంటేనో, ముందస్తు రద్దుకు ఇరుపక్షాల అంగీకారం లేకపోతేనో తప్ప పాత సమాఖ్య దాన్ని నిరాకరించకూడదని చదివాను. పరిహారం రెండు క్లబ్బులు తేల్చుకోవలసిన లెక్క. దానికి ఆటగాణ్ణి ఆపడం సబబుగా తోచడం లేదు. అయినా పోర్చుగల్ క్లబ్బు ఎన్‌ఓసీ లేకుండా దరఖాస్తు మొదలుపెట్టనంటోంది. ఇలాంటి పరిస్థితిలో విదేశీ క్లబ్బులకు వెళ్లినవారు ఎన్‌ఓసీకి బదులుగా ఏ పత్రం చూపించి ఐటీసీ తెప్పించుకున్నారో చెప్పగలరా?