1/24 ట్రాక్టర్ ట్రక్కు: డీజిల్ ట్యాంకులు, స్ట్రాపులు, ఎయిర్ లైన్లు సొంతంగా చేసుకోవడం ఎలా?

పదిచక్రాలు:

1/24 స్కేలు (అసలులో 24వ వంతు) ప్లాస్టిక్ మోడల్ కిట్‌తో పొడుగు ముక్కు అమెరికన్ ట్రాక్టర్ ట్రక్కు, అంటే ట్రెయిలర్‌ను లాగే ముందు బండి, కడుతున్నాను. ముందు ఒక ఇరుసు, వెనక రెండు. కిట్‌లో ఇచ్చిన ట్యాంకులు పొట్టిగా ఉన్నాయి, పైగా రెండు సగాల మధ్య అతుకు ఎంత రుద్దినా కనిపిస్తోంది. నాకు కావలసింది 26 అంగుళాల వ్యాసం, 120 గ్యాలన్ల గుండ్రటి అల్యూమినియం ట్యాంకులు రెండు. ఫోటోలు చాలానే ఉన్నాయి కానీ పొడవు ఎంతో ఎక్కడా లేదు.

ఇప్పటిదాకా చేసింది ఇదీ. స్టైరీన్ (మోడళ్లకు వాడే ప్లాస్టిక్) బిళ్లలు వరసగా నిలబెట్టి వాటి మీద 0.25 మి.మీ. షీటు చుట్టాను. బిళ్లకూ బిళ్లకూ మధ్య షీటు లోపలికి పీక్కుపోయి పక్కటెముకలు కనిపిస్తున్నట్టు తయారైంది. ట్యాంకును ఫ్రేముకు పట్టి ఉంచే స్ట్రాపులకు 0.25 మి.మీ. మందం, 2 మి.మీ. వెడల్పు పట్టీలు అంటిస్తే రెండు రోజుల్లో ఊడి వచ్చాయి. క్యాబ్ వెనక స్ప్రింగులా చుట్టుకుని, ట్రెయిలర్ బ్రేకులకు గాలి తీసుకెళ్లే ఎయిర్ లైన్ల కోసం చేపల గాలం దారం చుట్టి చూశాను, వదలగానే విప్పుకుపోతోంది.

ఇంకొకటి: వెనక ఇరుసుల బ్రేకు చాంబర్లకు (గాలి ఒత్తిడితో బ్రేకు వేసే డబ్బాలు) ఒక్కోదానికి ఎన్ని గొట్టాలు వెళ్లాలి? ఫోటోల్లో ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు కనిపిస్తున్నాయి.

గీతలబల్ల:

పొడవు కొలత దొరక్కపోయినా పరవాలేదు, గ్యాలన్లు తెలుసుగా. అమెరికన్ గ్యాలన్ అంటే 231 ఘనపు అంగుళాలు. 120 గ్యాలన్లకు 27,720. 26 అంగుళాల వ్యాసానికి అడ్డుకోత వైశాల్యం 531 చదరపు అంగుళాలు. భాగిస్తే 52.2 అంగుళాలు, అంటే 1326 మి.మీ. 24తో భాగిస్తే 55.2. రెండు చివరి మూతల ఉబ్బు కలుపుకుని 56 పెట్టుకోండి, ఫోటోతో పోల్చి చూస్తే తేడా తెలియదు. వ్యాసం 660ని 24తో భాగిస్తే 27.5.

కత్తి పట్టుకునే ముందు ఒక పని చేయండి. ఛాసిస్ వెడల్పును వెర్నియర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవండి. అమెరికన్ భారీ ట్రక్కుల ఫ్రేము వెడల్పు సాధారణంగా 34 అంగుళాలు. 1/24లో అది 36 మి.మీ., 1/25లో 34.5. కొలత 34.5 దగ్గర వస్తే పెట్టె మీద ఏమి రాసి ఉన్నా మీ లెక్కలన్నీ 25తోనే వేసుకోవాలి. అప్పుడు ట్యాంకు వ్యాసం 26.4, పొడవు 53 అవుతుంది. రెండు స్కేళ్ల మధ్య తేడా నాలుగు శాతమే అని కొట్టిపారేస్తారు గానీ, క్యాబ్ మెట్టుకీ వెనక ఇరుసుల్లో మొదటిదాని టైరుకీ మధ్య ఉన్న ఖాళీలో ఆ రెండు మి.మీ.లే ఇరుక్కుంటాయి.

షీటు లోపలికి పోవడానికి కారణం ఒక్క పలచదనమే కాదు. బిళ్ల అంచున పెట్టిన ద్రావకం జిగురు షీటును మెత్తబరుస్తుంది, ఆరేటప్పుడు లోపలికి లాగుతుంది. 0.25 షీటుకు కింద ఎక్కడా ఖాళీ లేకుండా ఆసరా ఉండాల్సిందే. బిళ్లలు వదిలేసి 25 మి.మీ. బయటి వ్యాసం ఉన్న పీవీసీ పైపు ముక్క తీసుకోండి. దాని మీద మొదట 0.75 షీటు, ఆ పైన 0.5 షీటు. రెండు వైపులా కలిపి 2.5 పెరిగి సరిగ్గా 27.5కి వస్తుంది.

చుట్టుకొలత లెక్కేసేటప్పుడు షీటు మందం మధ్యరేఖను తీసుకోవాలి, పైపు వ్యాసాన్ని కాదు. మొదటి పొరకు 25.75 × 3.14, అంటే 80.9 మి.మీ. రెండో పొరకు 27 × 3.14, అంటే 84.8. ఒక మి.మీ. ఎక్కువ కోసుకుని, చుట్టి చూసి, అంచును కొద్దికొద్దిగా గీకుతూ కలపండి. తక్కువైతే పుట్టీ పెట్టాలి. పుట్టీ ఆరాక కుంగుతుంది, మెరిసే పూత కింద ఆ గీత పట్టిచ్చేస్తుంది.

షీటును చదునుగా ఉన్నదాన్ని ఉన్నట్టే చుట్టకండి. 20 మి.మీ. పైపు మీద చుట్టి, గుడ్డపట్టీతో కట్టి, మరిగించి దించిన నీళ్లలో రెండు నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. విప్పితే 25 పైపుకు తనంతట తానే పట్టేసే వంపులో ఉంటుంది. ఇది చేయకపోతే అతుకు ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుంది.

జిగురు విషయం. స్టైరీన్ కోసం చేసిన పలచటి జిగురు పీవీసీ మీద నమ్మదగినది కాదు. పైపును 240 నంబరు ఎమెరీ కాగితంతో గరుకు చేసి నిదానంగా గట్టిపడే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పూయండి. రెండో పొరకు పలచటి జిగురు వాడవచ్చు, కానీ పొరల మధ్య అంతటా పూయకూడదు. అతుకు వెంట, రెండు చివర్లా చాలు. మధ్యలో పూస్తే ద్రావకం బయటికి పోయే దారి లేక లోపలే ఉండి, రంగు వేసిన కొన్ని వారాలకు కూడా బుడిపెలు లేస్తాయి. అతుకులు రెండూ ఫ్రేము వైపుకే పెట్టండి. ఒకదాని మీద ఒకటి రాకుండా ఓ 10 మి.మీ. ఎడం ఉంటే చాలు.

మూతలకు 2 మి.మీ. షీటులో 28.5 వ్యాసం బిళ్ల కోసి, మధ్యలో 3 మి.మీ. రంధ్రం చేసి, బోల్టూ నట్టూ బిగించి డ్రిల్లులో పెట్టండి. తిప్పుతూ 240, 400, 800 వరసగా పట్టించి అంచు దగ్గర 0.8కి దించండి, మధ్య 2 అలాగే ఉంచండి. డ్రిల్లు వేగం బాగా తగ్గించాలి. వేగంగా తిప్పితే స్టైరీన్ అరగదు, కరిగి కాగితానికి అంటుకుని గాడులు పెడుతుంది. తర్వాత 3 మి.మీ. కడ్డీతో రంధ్రం పూడ్చేయండి. పైపు పొడవు 52, రెండు మూతలతో కలిపి 56.

సన్నతీగ:

స్ట్రాపుల సంగతి నేను చెబుతాను. అసలు ట్రక్కు మీద ఆ పట్టీ ఓ మూడు మి.మీ. మందం ఉంటుందనుకుంటే 1/24లో 0.12. మీరు పెట్టిన 0.25 అంతకు రెట్టింపు, అందుకే అది ఉక్కు పట్టీలా కాక చెక్క బద్దలా కనిపిస్తుంది. ఊడిపోవడానికి రెండు కారణాలు. వంచిన స్టైరీన్ పట్టీ తిరిగి చదును కావాలని చూస్తూనే ఉంటుంది. రెండోది, మీరు బహుశా రంగు వేసిన ట్యాంకు మీద అంటించి ఉంటారు. పలచటి జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది, మధ్యలో రంగు ఉంటే కరిగేది రంగే.

కూల్‌డ్రింక్ డబ్బా గోడ తీసుకోండి. ఇంచుమించు 0.1 మి.మీ. ఉంటుంది, స్కేలుకు దాదాపు సరిపోతుంది. ఉక్కు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో నాలుగైదు సార్లు గీసి, వంచి విరిస్తే అంచు శుభ్రంగా వస్తుంది. కత్తెరతో కోస్తే పట్టీ చుట్టలు తిరుగుతుంది. వెడల్పు 2.1 మి.మీ. (అసలులో 2 అంగుళాలు). దాని కింద 2.5 వెడల్పు నల్ల టేపు చుట్టండి, రబ్బరు ప్యాడు అంచు రెండు పక్కలా సన్నగా కనిపిస్తుంది. ఈ సన్న నల్ల గీత లేకపోతే ఎంత బాగా చేసిన స్ట్రాపైనా ట్యాంకు మీద గీసినట్టే ఉంటుంది. పట్టీ రెండు కొసలనూ ఫ్రేము వైపు తెచ్చి, ట్యాంకులో కోసిన 2.2 × 0.5 చీలికలోకి మడిచి దించి, లోపల సూపర్ గ్లూ చుక్క పెట్టండి. చీలిక రంగుకు ముందే కోసి ఉంచుకోవాలి.

గాలం దారం నైలాన్, వదలగానే పాత ఆకారానికే తిరిగి పోతుంది, వేడి చేసి చల్లారిస్తే తప్ప నిలవదు. రాగి తీగ వాడండి. అసలు కాయిల్ గొట్టం అర అంగుళం, అంటే స్కేలులో 0.53. కాబట్టి 0.5 తీగ. గట్టిగా ఉంటే మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చండి, మెత్తబడుతుంది. 1.5 మి.మీ. డ్రిల్లు బిట్ వెనక కాడ మీద వరసగా ఆనుకునేలా చుట్టండి. ఒక్కో చుట్టుకు సుమారు 6.3 మి.మీ. తీగ పడుతుంది. 25 చుట్లకు 157, రెండు కొసలకు 40 చొప్పున కలిపి 240 మి.మీ. కోసుకుంటే సరి. కాడ నుంచి తీశాక రెండు చివర్లూ పట్టుకుని చుట్ల మధ్య సగం తీగ మందం ఖాళీ వచ్చేదాకా లాగండి. రంగు ఆ తర్వాతే. ముందు రంగు వేసి లాగితే ప్రతి చుట్టు లోపలి వైపూ పగులుతుంది.

రంగులు: అమెరికన్ ట్రక్కుకు ఎరుపు ఎమర్జెన్సీ లైను (ట్రెయిలర్‌కు గాలి నింపేది), నీలం సర్వీసు లైను (మామూలు బ్రేకుది), కరెంటు కేబులు ఆకుపచ్చ లేదా నలుపు. యూరప్ ట్రక్కయితే ఎరుపూ పసుపూ. అమెరికన్ ట్రక్కు మీద పసుపు గొట్టం పెట్టిన మోడళ్లు చాలా కనిపిస్తుంటాయి.

ఇక చాంబర్లు. మీ ఫోటోలు రెండూ నిజమే. ముందు ఇరుసు చాంబరు ఒంటిది, దానికి ఒకే గొట్టం. వెనక ఇరుసులవి జంట చాంబర్లు: ఒక భాగం మామూలు బ్రేకుకు, రెండోదానిలో పార్కింగ్ స్ప్రింగు. ఆ స్ప్రింగును గాలితోనే వెనక్కి నొక్కిపెట్టి ఉంచాలి కాబట్టి దానికి వేరే గొట్టం. అంటే వెనక నాలుగు చాంబర్లకు ఎనిమిది, ముందు రెండింటికి రెండు, మొత్తం పది. వెనక చాంబర్లు ఒంటివిగా ఇచ్చే కిట్లు ఉన్నాయి. అలాంటిదైతే ఇంకో డబ్బా చేసి వెనక అతికించి, మధ్యలో 0.5 పట్టీతో బిగింపు వలయం చుట్టండి.

చాంబరు గొట్టం రబ్బరుది, బయటి వ్యాసం సుమారు 19 మి.మీ., కాబట్టి 0.8 తీగ. ఫ్రేము వెంట పోయే నైలాన్ పైపులు ఇంకా సన్నం: పావు అంగుళానిది 0.26, మూడు ఎనిమిదో వంతుది 0.4. అన్నిటికీ ఒకే తీగ వాడితే ఛాసిస్ నిండా పని చేసినా కళ్లకు ఆనదు. మందాల్లో తేడాయే కంటికి అందేది. తీగ కొసకు 0.8 తీగ మీంచి ఒలిచిన ప్లాస్టిక్ తొడుగు ఒక మి.మీ. ముక్క తొడిగి ఇత్తడి రంగు వేస్తే ఫిట్టింగ్ అయిపోతుంది.

వెండిపూత:

గీతలబల్ల గారు చెప్పిన ట్యాంకు బాగానే ఉంది కానీ, పైకి అల్యూమినియమే కనిపించాలంటే అన్నిటికంటే పై పొర స్టైరీన్ ఎందుకండీ? 0.75 మీద ఇంకో 0.4 స్టైరీన్ చుట్టి, ఆ పైన అదే కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుడితే 27.5 వచ్చేస్తుంది. డబ్బా రంగును పెయింటు తొలగించే ద్రావణంతో తీసి, 2000 ఎమెరీ పట్టించి, మెటల్ పాలిష్‌తో రుద్దితే అది నిజమైన లోహం. ఏ పూతా దానికి సాటి రాదు.

మూతల దగ్గర మాత్రం రేకు పనికిరాదు. రెండు దిశల్లో వంపు ఉన్నచోట రేకైనా, బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురున్న పలచటి లోహపు పొర) అయినా ముడతలు పడతాయి. అక్కడ ఆల్‌క్లాడ్ క్రోమ్ (లోహంలా మెరిసే మోడల్ రంగు) లాంటి పూతే గతి. దానికి అడుగున నిగనిగలాడే నల్ల రంగు ఉండాలి, అది కనీసం రెండు రోజులు ఆరాలి. నలుపు మీద దుమ్ము కణం ఉంటే వెండి మీద అది గుట్టలా కనిపిస్తుంది. పూత చాలా పలచగా, తక్కువ గాలితో, నలుపు వెండిగా మారగానే ఆపేయాలి. ఇంకా వేస్తే బూడిద రంగుకు తిరుగుతుంది. పైన వార్నిష్ వేస్తే మెరుపు చస్తుంది, కాబట్టి వేయకండి, వేలితో పట్టుకోకండి కూడా.

గీతలబల్ల:

రేకు అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ట్యాంకు మెట్టు బ్రాకెట్లు, డీజిల్ పోసే మూత మెడ అంటించేది ఆ రేకు మీదే. పాలిష్ చేసిన లోహాన్ని సూపర్ గ్లూ పైపైన పట్టుకుంటుంది, చిన్న తాకిడికే వదిలేస్తుంది. రేకు చుడితే ప్రతి భాగం కిందా 0.5 ఇత్తడి పిన్ను పెట్టి, రేకులోంచి స్టైరీన్‌లోకి దిగేలా రంధ్రం చేయాలి. పైగా సూపర్ గ్లూ ఆవిరి మెరిసే రేకు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. పిన్నుకు ఎపాక్సీ వాడండి.

పదిచక్రాలు:

ఫ్రేము కొలిచాను, 36 వచ్చింది. రేకుతోనే వెళ్తాను, పిన్నులతో. ఒక్క అనుమానం: పది గొట్టాలూ ఎప్పుడు పెట్టాలి? ఇరుసులు బిగించాక వేళ్లు దూరవు, ముందే పెడితే రంగు వేయడం కష్టం.

సన్నతీగ:

చాంబర్లను ఇరుసుకు అంటించి, రంగు వేసి, గొట్టాలను చాంబరు వైపు మాత్రమే బిగించండి. 0.8 బిట్‌తో 1.5 లోతు రంధ్రం చాలు. రెండో కొస 30 మి.మీ. వదులుగా వేలాడనివ్వండి. ఇరుసును ఫ్రేముకు బిగించాక ఆ కొసలను ట్వీజర్‌తో పైకి తెచ్చి, క్రాస్‌మెంబరు (ఫ్రేము అడ్డపట్టీ) మీద ఉన్న రిలే వాల్వు (చాంబర్లకు గాలి పంపే కవాటం) దగ్గర కావలసినంతకు కోసి దూర్చండి. ప్రతి గొట్టమూ కొంచెం వేలాడుతూ ఉండాలి, బిగుతుగా లాగిన తీగ తప్పు. ఇరుసు పైకీ కిందికీ కదిలినప్పుడు గొట్టం తెగకుండా అసలు ట్రక్కులోనూ ఆ వదులు ఉంచుతారు.

డ్రైవ్ షాఫ్ట్ గొట్టాల కంటే ముందే పెట్టేయండి, తర్వాత అది దూరదు. ట్యాంకులు అన్నిటికంటే చివర, అవి పెట్టాక ఫ్రేము పక్కలకు బ్రష్ అందదు.