కృపావరాలను అడగాలంటే ముందే ఉద్దేశం శుద్ధమై ఉండాలా?

బెరయ పాఠకుడు (చర్చ ప్రారంభం)

పరిశుద్ధాత్మ ఉచితంగా ఇచ్చే సామర్థ్యాలైన కృపావరాల్లో ఒకటి, రోగులను బాగుచేసే స్వస్థత వరం కోసం ఉపవాసముండి ప్రార్థిస్తున్న ఒక యువ సహోదరుడు ఈ మధ్య నన్ను ఇలా అడిగాడు: "నా కోరికలో రోగుల మీద జాలి ఎంతో, నలుగురూ నన్ను దైవజనుడని పిలవాలన్న తపన ఎంతో నాకే తెలియడం లేదు. అడగడం మానేయమంటారా?" పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ప్రేమ కోసం ప్రయాసపడమని చెప్పి, ఆ వెంటనే ఆత్మసంబంధమైన వరాలను ఆసక్తితో అపేక్షించమన్నాడు. ఈ రెండింటిలో మొదటిది కుదిరేదాకా రెండోదాని జోలికి పోకూడదా? వరాలు ఈనాటికీ ఉన్నాయా లేవా అన్న వివాదాన్ని దయచేసి ఇక్కడికి తేవద్దు, దానికి వేరే చర్చలు చాలానే ఉన్నాయి.

గిద్యోను ఉన్ని

మానేయమనే చెబుతాను, కనీసం కొంతకాలం. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని గారడీవాడు సీమోను అవిశ్వాసి కాడు. నమ్మి, బాప్తిస్మం పొంది, ఫిలిప్పును ఎడబాయకుండా తిరిగినవాడు. అయినా అపొస్తలుల ముందు ద్రవ్యం పెట్టి అధికారం అడిగినప్పుడు, "నీ వెండి నీతో కూడ నశించును గాక" అన్న మాట వినవలసి వచ్చింది. దురుద్దేశంతో అడిగితే దొరకదని యాకోబు తన పత్రిక 4వ అధ్యాయంలో చెప్పాడు. నన్ను అంతకంటే ఎక్కువగా భయపెట్టేది మత్తయి 7వ అధ్యాయం. ప్రభువు నామంలో ప్రవచించామనీ, దయ్యాలను వెళ్లగొట్టామనీ, అద్భుతాలు చేశామనీ చెప్పుకొన్నవారితో ఆయన "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అంటాడు. వరం పనిచేయడం మొదలైతే, లోపల ఉన్న దురాశకు దేవుడే ఆమోదముద్ర వేశాడని మనిషి అనుకుంటాడు, ఆ తరువాత అతనికి బుద్ధి చెప్పడం ఎవరి తరమూ కాదు. కొరింథు సంఘానికి ఏ కృపావరంలోనూ లోపం లేదని 1వ అధ్యాయంలో రాసిన పౌలే, 3వ అధ్యాయంలో వారి అసూయనూ కలహాలనూ చూపి, మీరు శరీరసంబంధులు కారా అని నిలదీశాడు.

ఐదు మాటలు

సహోదరుడు గిద్యోను ఉన్ని చెప్పిన ప్రమాదం నిజమే, కానీ ఆయన చూపిన లేఖనాలే ఆయన తీర్మానానికి అడ్డు వస్తున్నాయి. సీమోను ఏమి అడిగాడో మళ్లీ చదవండి. తనకు పరిశుద్ధాత్మ కావాలని కాదు, తాను ఎవరి మీద చేతులుంచితే వారు ఆత్మను పొందేటట్లు చేసే అధికారం కావాలన్నాడు. అంటే ఇతరులు దేవుని వరం కోసం తన గుమ్మం ముందు నిలబడాలన్నాడు. తన ఉద్దేశాన్ని తానే అనుమానించి ఏడుస్తున్న యువకుణ్ని ఆ వరుసలో నిలబెట్టడం న్యాయం కాదు. పైగా పేతురు ఆ సీమోనుతో కూడా మారుమనస్సు పొంది ప్రభువును వేడుకోమనే చెప్పాడు.

కొరింథువారి సంగతికి వస్తే, వారి ఉద్దేశాలు ఎంత కలుషితమో తెలిసి కూడా పౌలు "అడగడం ఆపండి" అని ఒక్క చోట కూడా రాయలేదు. 14:12లో వారి ఆసక్తినే పట్టుకొని, మీరు వరాల విషయమై ఆసక్తి గలవారు కనుక సంఘ క్షేమాభివృద్ధి కోసం అవి విస్తరించేటట్లు ప్రయత్నించండి అంటూ దాని దిశను మార్చాడు. హృదయం పూర్తిగా శుద్ధమయ్యాకే అడగాలంటే, అది శుద్ధమైందని తేల్చేది ఎవరు? తనలో ఏ దోషమూ తనకు కనబడకపోయినా అంతమాత్రాన నీతిమంతుణ్ని కానని, హృదయ ఆలోచనలను ప్రభువే వచ్చి బయలుపరుస్తాడని పౌలు 4వ అధ్యాయంలో తన గురించే రాసుకున్నాడు. పౌలుకే పూర్తికాని ఆత్మపరీక్షను ఒక యువకుడు ముగించి రావాలనడం, అతణ్ని వాకిట్లోనే శాశ్వతంగా నిలబెట్టడం.

లోపల ఏముందో తవ్వుకొంటూ కూర్చోవడం కంటే బయటికి కనబడే గుర్తులను చూడటం మంచిది. సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో పెద్దలు డెబ్బదిమందిమీద ఆత్మ నిలిచినప్పుడు, గుడారం దగ్గరికి రాకుండా పాళెంలోనే ఉండిపోయిన ఎల్దాదు, మేదాదు అనే ఇద్దరు కూడా ప్రవచించారు. వారిని నిషేధించమని యెహోషువ మోషేను కోరాడు. ఇతరులకు దొరికిన వరం తన గురువు ఘనతను తగ్గిస్తుందేమోనన్నదే అతని బాధ. మోషే మాత్రం యెహోవా ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత మేలు అన్నాడు. మనం అడుగుతున్న వరం మన పక్కనున్నవారికి దొరికిననాడు మన ముఖం ఎలా ఉంటుందో చూసుకుంటే ఉద్దేశం సగం తేలిపోతుంది. అసలు ఏ వరాన్ని అడుగుతున్నామన్నది కూడా గుర్తే. 1 కొరింథీ 12:28లో స్వస్థత వరాల సరసనే ఉపకారాలు చేయడమూ ఉంది, రోమా 12:8లో పంచిపెట్టడమూ కరుణించడమూ ఉన్నాయి. వీటి కోసం ఉపవాసమున్నవారిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

గిద్యోను ఉన్ని

ఫిలిప్పీ పత్రికను కూడా ముందుకు తెస్తారనుకున్నాను. అసూయతో క్రీస్తును ప్రకటించినా సంతోషమేనని పౌలు అక్కడ చెప్పింది విన్నవారి మేలు చూసి. చెప్పినవాడికి అది ఊరట కాదు. 1 కొరింథీ 13వ అధ్యాయం ప్రకారం నా ఆస్తి అంతా బీదలకు పంచినా, ప్రేమ లేకపోతే వారి ఆకలి తీరుతుందేమో కానీ నాకు ప్రయోజనమేమీ లేదు. అందుకే నేను సంఘం గురించి కంటే ఆ యువకుడి గురించి భయపడుతున్నాను.

పాత సంఘ పెద్ద

ఇద్దరూ భారమంతా ఒక్క మనిషి అంతరంగం మీదే పెట్టారు. పౌలు అలా చేయలేదు. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురే మాట్లాడాలి, తక్కినవారు వివేచించాలి, కూర్చున్నవారిలో ఒకరికి ఏదైనా బయలుపడితే మాట్లాడుతున్నవాడు ఊరుకోవాలి అని 1 కొరింథీ 14:29-30లో పద్ధతి పెట్టాడు. మధ్యలో ఆగమంటే ఆగలేని ప్రవక్త ఉద్దేశం ఏమిటో సభకు వెంటనే తెలిసిపోతుంది. తొలి శతాబ్దాల సంఘ నియమాల గ్రంథం డిడాకే కూడా ఇదే దారి పట్టింది. ఆత్మావేశంలో తనకు డబ్బు ఇమ్మని అడిగే ప్రవక్త మాట వినవద్దంటుంది, లేమిలో ఉన్న ఇతరుల కోసం అడిగితే మాత్రం అతనికి తీర్పు తీర్చవద్దంటుంది. పెంతెకొస్తు ఉద్యమ వ్యాప్తికి పేరుపొందిన, 1906లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన అజూసా వీధి కూటాలను నడిపించిన విలియం సేమూర్, పేర్చిన ఖాళీ చెప్పుల పెట్టెల వెనుక కూర్చొని, పై పెట్టెలో తల పెట్టుకొని ప్రార్థించేవాడని అక్కడ ఉన్నవారు రాశారు. చూడటానికి జనం వచ్చే కూటంలో నాయకుడి ముఖమే కనబడేది కాదు.

బెరయ పాఠకుడు

అయితే ఆ యువకుడికి ఏమి చెప్పమంటారు?

ఐదు మాటలు

ప్రార్థన ఆపవద్దని చెప్పండి. రోగి కోసం ప్రార్థించాక జ్వరం తగ్గకపోతే, మరునాడు కూడా అదే మంచం దగ్గరికి వెళ్లి, దుప్పటి సరిచేసి, మందు వేళకు అందించమనండి. ఫలితం కనబడని ఇంటికి మళ్లీ వెళ్లబుద్ధి కాకపోతే, అతను వెతుకుతున్నది రోగి మేలు కాదని అతనికే అర్థమవుతుంది.

గిద్యోను ఉన్ని

ఇది నాకు సమ్మతమే, ఒక షరతు మీద. ఎవరైనా నిజంగా బాగుపడితే, ఆ యువకుడు కొంతకాలం దాని గురించి వేదిక ఎక్కి సాక్ష్యం చెప్పకూడదు.

ఐదు మాటలు

కొంతకాలం అన్న గడువు నాకు అక్కరలేదు. మార్కు 5వ అధ్యాయంలో ప్రభువు తనకు చేసిన కార్యాలను ఇంటివారికి తెలియజేయమని యేసు చెప్పింది బాగుపడినవాడితో. శృంగారమను దేవాలయపు ద్వారం దగ్గర కుంటివాడు నడిచినప్పుడు, మా సొంత శక్తితో ఇతణ్ని నడిపించినట్లు మావైపు ఎందుకు చూస్తున్నారని పేతురు జనాన్ని అడిగాడు. సాక్ష్యం బాగుపడినవారినే చెప్పనివ్వండి, ప్రార్థించినవాడి పేరు అందులో రావలసిన అవసరం ఏమిటో నాకు తోచడం లేదు.