సెట్ అంటే పెట్టడమేనా?

ఇంగ్లిష్ మాట 'సెట్'కు సరిపోయే ఒక్క తెలుగు మాట చెప్పమని ఒకరు అడిగారు. లేదండీ. ఉందనుకోవడం వల్లనే "దిగువ కోర్టు తీర్పును హైకోర్టు పక్కన పెట్టింది" వంటి వాక్యాలు పత్రికల్లోకి వస్తున్నాయి. పక్కన పెట్టడమంటే మనకు తరువాత చూద్దాంలే అని. నచ్చని ఉప్మాను పక్కన పెడతాం, ఆకలేస్తే మళ్ళీ దగ్గరికి లాక్కుంటాం. కోర్టు సెట్ అసైడ్ చేసిందంటే మాత్రం ఆ తీర్పు ఇక చెల్లదు. 'రద్దు చేసింది' అని శుభ్రంగా రాయవచ్చు.

అనువాదకుల ఇబ్బందీ అర్థమవుతుంది. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పెద్ద ఆరోపం (ఒక మాట కింద ఇచ్చే వివరమంతా) ఈ మూడక్షరాల మాటదే. క్రియగానే సుమారు 430 అర్థాలు, 60,000 మాటల వివరణ! (తరువాత రన్ 645 అర్థాలతో దాన్ని దాటేసిందిలెండి.)

పుట్టుక మాత్రం సులువు. మనకు చేరు నుంచి చేర్చు, కూలు నుంచి కూల్చు వచ్చినట్టే, ఇంగ్లిష్ వాళ్ళకు సిట్ నుంచి సెట్. కూర్చోబెట్టడమన్నమాట. లెక్కల్లోని సమితి, సెట్ దోసలోని సెట్ వేరు. ఆ నామవాచకం లాటిన్ సెక్టా నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చి, ఈ క్రియతో కలిసిపోయింది. ఇక ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్‌లోని సెట్ పరీక్ష పేరుకు పొడి అక్షరాలు, దీనికి చుట్టం కూడా కాదు.

ఇప్పుడు వంటింట్లోకి రండి. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేసి మూత పెడితే తెల్లవారేసరికి పెరుగు తోడుకుంటుంది. అదీ సెట్ కావడమే. జున్ను గడ్డకడుతుంది, సిమెంటు గట్టిపడుతుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది, పొద్దు క్రుంకుతుంది, ముసురు పడుతుంది. కంపోజిటరు అక్షరాలు కూరుస్తాడు, వేటగాడు ఉచ్చు పన్నుతాడు, పాటకు బాణీ కడతారు. అన్నిచోట్లా వాళ్ళది సెట్టే. మనం ఆ పని ఎలా జరుగుతుందో చూసి మాట ఎంచుకుంటాం.

పెట్టు కొంతదూరం తోడు వస్తుంది. నిప్పు పెట్టడం, అలారం పెట్టడం, ముహూర్తం పెట్టడం వరకూ పేచీ లేదు. అన్నం పెట్టడం, పేరు పెట్టడం దగ్గర సెట్ చేతులెత్తేస్తుంది. కోడి దగ్గరైతే తిరకాసే. మన కోడి గుడ్లు పెడుతుంది. ఇంగ్లిష్ కోడి గుడ్ల మీద సెట్ అయిందంటే పెట్టిందని కాదు, పొదుగుతోందని.

నాకు ముచ్చటగా తోచింది ఇక్కడే. కంసాలి ఉంగరంలో రాయిని బిగించడాన్ని కూడా ఇంగ్లిష్‌లో సెట్ అనే అంటారు. మనం దాన్ని ఏమంటాం? పొదగడమే.