నా థీసిస్ అధ్యాయం వేరే ఆయన పేరుతో జర్నల్‌లో వచ్చింది, ఏం చేయాలి?

నేతపోగు:
చేనేత కుటుంబాల అప్పుల మీద నా పీహెచ్‌డీ. డిగ్రీ వచ్చాక థీసిస్ శోధ్‌గంగలో (దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు అందరూ చదివేలా ఉంచే సైట్) పెట్టారు. మొన్న మూడో అధ్యాయాన్ని పేపర్‌గా రాద్దామని పాత వ్యాసాలు వెతుకుతుంటే ఒకటి కనబడింది, రెండు పేజీలు చదివేసరికి ఒళ్లు మండిపోయింది. అది నా అధ్యాయమే! వాక్యాలు అటూ ఇటూ తిప్పారు, ఊరి పేరు మార్చారు, శాతాలు మాత్రం నావే. దశాంశాలు దగ్గరి అంకెకు సవరించడం వల్ల నా పట్టికలో 100 రావాల్సిన మొత్తం 99.9 వచ్చింది, ఎందుకలా వచ్చిందో కింద రాశాను కూడా. వాళ్ల పట్టికలోనూ 99.9, కింద వివరణ మాత్రం లేదు. గైడ్ గారికి చెబితే "వదిలేయమ్మా, తెలిసినాయనే, రేపు ఏ ఇంటర్వ్యూ బోర్డులోనో ఎదురవుతాడు" అన్నారు. లైబ్రరీలో కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌తో చెక్ చేయిస్తే పోలిక 18 శాతమే చూపించింది. ఇంత తక్కువ ఉంటే కంప్లయింట్ నిలబడుతుందా?

పాతకాపు:
ఆ 18ని పట్టుకుని టెన్షన్ పడకండి. సాఫ్ట్‌వేర్ చూసేది మాటలు కలిశాయా లేదా అన్నదే, ఎవరి కష్టం ఎవరు ఎత్తుకుపోయారో దానికి తెలియదు. వాక్యం తిప్పి రాస్తే శాతం పడిపోతుంది. అలాగని 30 వచ్చినవాళ్లంతా దొంగలూ కాదు, రిఫరెన్సులు, చట్టాల పేర్లు తీసేయకుండా రిపోర్ట్ తీస్తే ఎవరికైనా పెరుగుతుంది. మీ అసలు సాక్ష్యం ఆ 99.9. ఎడమ పక్క మీ పేరా, కుడి పక్క ఆయనది, పేజీ నంబర్లతో ఒక ఫైల్ చేయండి. శోధ్‌గంగలో అప్‌లోడ్ తేదీ, ఆ వ్యాసం పీడీఎఫ్ ఇవాళే దాచిపెట్టుకోండి. ఆ తర్వాతే ఎడిటర్‌కి మెయిల్. అందులో "దొంగ" అన్న మాట వద్దు, పోలిక చూపించి విచారించమని అడిగితే చాలు.

చూసేవాడు:
నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టాక ఎవరైనా వాడుకుంటారు కదండీ, దానికింత గొడవా?

పాతకాపు:
చదవమని పెట్టారండీ, పేరు చెరిపేసి తమది అనుకోమని కాదు. పైగా ఇక్కడ ఊరి పేరే మార్చారట, అంటే చేయని సర్వే చేసినట్టు చూపించారు. నా లెక్కలో కాపీ కంటే అది పెద్ద తప్పు. మేడమ్, ఆ సంగతి మెయిల్‌లో విడిగా రాయండి.

రిజిస్ట్రార్_బాధితుడు:
జర్నల్ కోప్‌లో (ప్రచురణల్లో నైతికత చూసే అంతర్జాతీయ కమిటీ) సభ్యత్వం ఉన్నదైతే దారి తెలిసిందే. ఎడిటర్ మీ ఆధారాలు పంపి ముందు రచయితను వివరణ అడుగుతారు, జవాబు సరిగా లేకపోతే వాళ్ల సంస్థకు రాస్తారు. నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టాలి. డబ్బు తీసుకుని ఏదైనా వేసే జర్నల్ అయితే మెయిల్‌కి జవాబే రాదు, అప్పుడు నేరుగా ఆయన కాలేజీకి రాయండి. కాపీ రాతల మీద యూజీసీ తెచ్చిన 2018 నిబంధనల ప్రకారం విభాగం స్థాయిలో ఒక ప్యానెల్, దాని పైన సంస్థ స్థాయిలో ఇంకొకటి ఉండాలి, ఫిర్యాదు అందిన 45 రోజుల్లో విభాగం ప్యానెల్ రిపోర్ట్ ఇవ్వాలి. కాగితం మీద బాగానే ఉంటుంది లెండి. చిక్కేంటంటే శిక్షలు శాతాన్ని బట్టే. 10 నుంచి 40 వరకు వ్యాసం వెనక్కి తీసుకోమంటారు, అంతే. 40 దాటితే ఒక ఇంక్రిమెంట్ పోతుంది, రెండేళ్లు గైడ్ చేయడానికి కొత్త స్కాలర్లను ఇవ్వరు. 60 దాటితే రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్లు. మీ 18తో ఆయన ఉద్యోగానికి ఏమీ కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

నేతపోగు:
ఉద్యోగం తీయించాలని లేదండి. వ్యాసం పోతే చాలు. కానీ గైడ్ గారిని కాదని ముందుకెళ్లాలంటే భయంగా ఉంది.

లైబ్రరీ_అక్క:
మీరు ఊరుకుంటే రేపు దెబ్బ మీకే తగులుతుందమ్మా. ఇదే అధ్యాయం పేపర్‌గా పంపితే చాలా జర్నళ్లలో ఐథెంటికేట్ అనే కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తారు, అందులో ఆయన వ్యాసం ముందు అచ్చయినదిగా కనబడుతుంది, కాపీ కొట్టింది మీరే అనుకుంటారు. మీ గైడ్ గారికి ఈ ముక్క చెప్పి చూడండి, మీరు పంపే పేపర్‌లో గైడ్ గారి పేరూ ఉంటుంది కదా. పేపర్ పంపేటప్పుడు ఎడిటర్‌కి రాసే ఉత్తరంలోనే ఇది నా థీసిస్ నుంచి తీసినదని, శోధ్‌గంగ లింక్, తేదీతో సహా చెప్పేయండి. ఇంకొకటి, వ్యాసాన్ని ఉపసంహరించినా సాధారణంగా నెట్‌లోంచి మాయం కాదు. పీడీఎఫ్ మీద "రిట్రాక్టెడ్" అని ముద్ర వేసి, కారణంతో నోటీసు పెడతారు. ఆ నోటీసులో మీ థీసిస్ పేరు ఉండేలా ఇప్పుడే అడగండి.