సోమశిల బ్యాక్‌వాటర్, మే నెల: కయాక్‌లో రెండు రాత్రులకు తక్కువ బరువు సామాన్లు ఏవి?

పాలమూరు తెడ్డు:
మే రెండో వారం, ఇద్దరం, కృష్ణ ఒడ్డు సోమశిల నుంచి రెండు రాత్రులు. గాలి కొట్టే డబుల్ కయాక్ (ఇద్దరు కూసునే తెడ్డు పడవ). తాగే నీళ్లు కాకుండ మనిషికి 6 కిలోలు దాటొద్దనుకుంటున్నం. టెంటు ఏది? స్లీపింగ్ బ్యాగ్ కావాల్నా? స్టవ్ గ్యాసా, స్పిరిటా? నీళ్లు మోసుకపోవాల్నా, నది నీళ్లే ఫిల్టర్ కొట్టుకోవాల్నా? తూకాలతోటి చెప్పుండ్రి.

ఒండ్రు గట్టు:
తమ్మీ, పడవల ఉన్నంతసేపు బరువు నీళ్లే మోస్తయి. నీళ్లల మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడే కాలం అది. నీళ్లు వెనక్కిపోయి, అంచుకూ గట్టి నేలకూ నడుమ అంతా ఒండ్రే ఉంటది. పైన పెంకు గట్టిగ కనపడ్తది, కాలు పెడితే పిక్క దాకా దిగబడ్తది. ఆ నడుమ సామాను మోసేది మనం. బరువు లెక్క అక్కడికి వేసుకోవాలె. 60 లీటర్ల డ్రై బ్యాగ్ (నీళ్లు దూరని సంచి) ఒక్కటి వద్దు, 10, 15 లీటర్లవి నాలుగు పట్టుకో. మోకాలితో అదిమి గాలి తీసి, మూతి మూడు మడతలకు తక్కువ కాకుండ చుట్టు. బరువైనవి పడవ నడుమ, అడుగున. ముక్కు కాడ బరువు పెడితే పడవ ఊకె గాలికి ఎదురు తిరుగుతది.

నీడపట్టు:
టెంటు బయటి పొర ఇంట్లోనే వదిలేయండి. మేలో అది వేస్తే రాత్రి పదింటికి కూడా లోపల ఉడికిపోతారు. దోమతెర లాంటి మెష్ లోపలి టెంటు ఒక్కటి, కిలో లోపు వస్తుంది. పైన 3×3 మీటర్ల టార్ప్ (పైకప్పుగా కట్టే పలచటి గుడ్డ), అరకిలో. టార్ప్ సిల్‌నైలాన్‌ది (సిలికాన్ పూసిన నైలాన్) అయితే తడిస్తే సాగుతుంది, వానలో లేచి తాళ్లు మళ్లీ బిగించాల్సిందే. పాలిస్టర్ అంతగా సాగదు. సాయంత్రం ఈదురుగాలి, వడగళ్లు వచ్చే రోజులు కాబట్టి గాలి వచ్చే వైపు అంచును నేలదాకా దించి కట్టండి.

మేకుల మీద నమ్మకం పెట్టుకోవద్దు. 15 సెంటీమీటర్ల అల్యూమినియం మేకు ఎండిన పెంకులో బిగుసుకున్నట్టే ఉంటుంది, కింద మెత్తన కాబట్టి మొదటి గాలికే ఊడొస్తుంది. గుప్పెడంత గుడ్డసంచిలో మట్టి కుక్కి, నడుముకు తాడు కట్టి, మోచేతి లోతు గుంటలో అడ్డంగా పెట్టి, పైన మట్టి తొక్కాలి. తాడు పైకి వచ్చే చోట టార్ప్ వైపు ఏటవాలుగా చిన్న గాడి తీయాలి. నిలువుగా లాగితే సంచి పైకి లేస్తుంది.

పంక్చర్ పట్టీ:
గాలి పడవ అన్నడు, ఎవ్వరూ గాలి గురించి చెప్పరేంది? మధ్యాహ్నం ఎండల గట్టుకు లాగితే ముందుగాల కవాటం తీసి గాలి తగ్గించుండ్రి. పీవీసీ అతుకుల పని 12 ఏండ్ల సంది చేస్తున్న. బయటి చిల్లి అతకొచ్చు. లోపలి నిలువు పట్టీలు విడిస్తే అడుగు బుంగ లెక్క ఉబ్బుతది, దాన్ని గట్టు మీద కూసొని బాగుచేయలేం.

నీడపట్టు:
అంత భయపెట్టడం ఎందుకండీ? 30 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే పీడనం పెరిగేది పదో వంతే. 2.5 పీఎస్‌ఐ 2.75 అవుతుంది, అంతే.

పంక్చర్ పట్టీ:
అక్కడనే తప్పుతున్నరు సార్. 2.5 అనేది గేజి చూపించేది. దానికి బయటి వాతావరణ పీడనం 14.7 కలపాలె, మొత్తం 17.2. పదో వంతు పెరిగేది దాని మీద, అప్పుడు 18.9. మళ్ల 14.7 తీసేస్తే గేజిల 4.2. మీ 2.75 నమ్మి ఎండల వదిలేసినోళ్ల పడవే అతుకు విడుస్తది. తెలువకుంటే అడగాలె గని గిట్ల లెక్క చెప్పొద్దు.

నీడపట్టు:
గేజి సంగతి మర్చిపోయాను, మీ లెక్కే సరి. మాట మాత్రం మెల్లగా చెప్పొచ్చు. ఎండలో బిగించిన పడవ నీళ్లలోకి దించాక మెత్తబడుతుందని కూడా రాయండి. పది నిమిషాలు నీళ్లలో ఉంచి, చల్లబడ్డాక మళ్లీ పంపు కొట్టాలి.

దేవరకొండ చెలిమె:
నీళ్లు మనిషికి రోజుకు 5, 6 లీటర్లు. దారిల ఏదన్న ఊర్ల బోరు కాడ నింపుకోండి, ఫిల్టర్ బరువు తప్పుతది.

మర్రిగూడ మంచినీళ్లు:
బోరు నీళ్లా? నల్లగొండ బిడ్డ అనే మాటేనా అది! మన బోరు నీళ్లల ఉండే ఫ్లోరైడ్‌ను 0.1 మైక్రాన్ ఫిల్టర్ ఆపదు. మరిగిస్తే నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడ్తది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తోటి తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకున్నది.

దేవరకొండ చెలిమె:
అన్నా, ఏండ్ల తరబడి తాగితే ఎముకలు పాడైతయి. రెండు రోజులకు కాదు.

మర్రిగూడ మంచినీళ్లు:
సరే, కాని పక్కనే కృష్ణ ఉండంగ బోరు ఎందుకు? ఒండ్రు నీళ్లు నేరుగా పోస్తే ఫిల్టర్ మూసుకపోతది. రాత్రి మడత డబ్బాల నింపి, పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పి పెట్టు. పొద్దున పైతేట నూలు గుడ్డల వడపోసి, అప్పుడు ఫిల్టర్. అయినంక వెనుకనుంచి మంచినీళ్లు కొట్టి కడుగు.

పాలమూరు తెడ్డు:
అన్నా, స్లీపింగ్ బ్యాగ్, స్టవ్?

ఒండ్రు గట్టు:
బ్యాగ్ వద్దు, నూలు దుప్పటి చాలు. గాలి పరుపు కూడ వద్దు, సర్కారు తుమ్మ ముల్లు ఒక్కటి చాలు దానికి. 400 గ్రాముల మడత ఫోమ్ చాప తీసుకో. స్టవ్ గ్యాసే, ఉత్త బ్యూటేన్ నడుస్తది ఈ వేడికి. డబ్బా 50 డిగ్రీలు దాటొద్దు; పడవ పైన కట్టకు, తడిగుడ్డ చుట్టి నీడల పెట్టు. డబ్బా మీద బిగించే స్టవ్‌కు చుట్టూ గాలి అడ్డు పెట్టకు. అమ్రాబాద్ అడవి వైపు గట్టున అనుమతి లేకుండ దిగొద్దు. మొసళ్లున్న నది, నీటి అంచున పండుకోవద్దు.

పాలమూరు తెడ్డు:
ఆ తుమ్మ ముల్లు పడవకే గుచ్చుకుంటే? సైకిల్ ట్యూబు సొల్యూషన్ పెట్టుకుంటే సరిపోతదా?

పంక్చర్ పట్టీ:
పట్టదు, అది రబ్బరుకు. పీవీసీకి రెండు భాగాలు కలిపి వాడే పాలియురెథేన్ జిగురు కావాలె. గాలి పూర్తిగ తీసి, గరుకు కాగితంతో రుద్ది, రెండు దిక్కులా పలచగ పూసి, జిగటగ అయినంకనే అతికియ్యి. చిల్లి చుట్టూ రెండంగుళాలు దాటాలె పట్టీ. ఒక రోజు ఆరనీయకుండ పంపు కొట్టకు.